నలభై ఒకటో వరస

ఆమెకు ‘సగం పిన్ని’ అని పేరు పెట్టింది అక్క కూతురు. అప్పటికి ఆ పిల్లకు పదేళ్లు. ఆ ఏడాది బడికి వేసుకెళ్లడానికి స్వెటర్ అల్లి ఇస్తానని పిన్ని మాటిచ్చింది. ముందుభాగం అయింది, వెనకభాగం అయింది, రెండూ కలిపి కుట్టడం కూడా అయింది. చేతుల దగ్గరకొచ్చేసరికి బండి మొరాయించింది. కుడిచెయ్యి మోచేతిదాకా వచ్చి ఆగింది, ఎడమచెయ్యి మొదలే కాలేదు. చలికాలం తన మానాన తాను వెళ్లిపోయింది. మరుసటి ఏడాదికి పిల్ల బెత్తెడు పొడుగైంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పెద్దవాళ్లు మొదట్లో పిల్లను కసురుకున్నారు గానీ, పలకడానికి బాగుందని తర్వాత వాళ్లూ అలవాటుపడ్డారు.

ఆ పేరుకు సాక్ష్యం కావాలంటే ముందుగదిలో కిటికీ పక్కనున్న చెక్క బీరువా తెరిస్తే చాలు. పై అరలో బల్లమీద పరిచే గుడ్డ ఒకటి, నాలుగు అంచుల్లో మూడింటికే లేసు ఉంటుంది. దాని కింద పువ్వులు కుట్టిన దిండు గలీబు. దాని జంటది ఇంకా గుడ్డముక్కగానే ఉంది. పూసల సంచీకి పట్టీ లేదు. గుడ్డబొమ్మకు జుట్టుంది, గౌనుంది, కాళ్లకు బూట్లు కూడా ఉన్నాయి గానీ మొహం లేదు. కళ్లు ఎనిమిదిసార్లు కుట్టి ఎనిమిదిసార్లు విప్పేసరికి అక్కడ గుడ్డ జల్లెడైపోయింది.

బీరువా చూసినవాళ్లు ఆమెకు ఓపిక లేదని తేల్చేసేవారు. అసలు చిక్కంతా ఓపిక ఎక్కువవడంలోనే ఉంది. అల్లినదాన్ని విప్పడంలో ఆమెకున్న ఓపిక ఆ వీధి మొత్తంలో ఎవరికీ లేదు. ఇరవై వరసలు అల్లాక, ఎక్కడో ఆరో వరసలో ఒక కుట్టు తిరగబడిందని కంటబడితే చాలు, ఆ రోజుకి ఆమెకు అన్నం సహించదు. పక్కన ఎవరున్నా లేకపోయినా సూది సర్రున లాగేసి, ఊలు పట్టుకుని ఒక్కో వరసే విప్పుకుంటూ వెనక్కి వెళ్లిపోయేది.

ఆ గుణం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. ఆమె ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. ముప్పై రెండేళ్లుగా అదే బల్ల, అదే ఎర్రసిరా కలం. చేరిన మూడో ఏట పిల్లల ఎక్కాల పుస్తకం ఆమె చేతిమీదుగా వెళ్లింది. ఏడెనిమిదులు యాభై నాలుగని అచ్చయింది. నలభైవేల ప్రతులు. ఆమె, బైండింగు విభాగంలోని ఆడవాళ్లు ఆరుగురు, పదకొండు రోజులపాటు నేలమీద కూర్చుని ‘యాభై ఆరు’ అన్న చిన్నచిన్న కాగితం ముక్కలు ప్రతి పుస్తకంలోనూ అంటించారు. ఎవరూ ఆమెను ఒక్కమాట అనలేదు. అంటే ఏడ్చి ఊరుకునేది. అనకపోవడంతో ఆ పదకొండు రోజులూ ఆమె ఒంట్లోనే ఉండిపోయాయి. అప్పటినుంచి వీధిలో బోర్డులు, మందుసీసా మీది కాగితాలు, శుభలేఖలు, ఏది చేతికొచ్చినా ముందు తప్పు కోసమే వెతికేది. తప్పులు దొరికేవి కూడా.

అల్లిక నేర్పింది ఆ బైండింగు ఆడవాళ్లలో ఒకావిడే. రోజంతా ఇతరుల తప్పులు చూసే కళ్లకు కాస్త విశ్రాంతిగా ఉంటుందని, మధ్యాహ్నం భోజనాల వేళ సూదులు పట్టించింది. విశ్రాంతి మాట దేవుడెరుగు, కొత్తగా తన తప్పులే ఆమె చేతికి దొరికాయి. అల్లిక కుదరకపోతే కుట్టుమిషను కొంది. అది కుదరకపోతే క్రోషా, ఆ తర్వాత పూసలు. పద్దెనిమిదేళ్లు ఇలాగే గడిచాయి.

భర్త బళ్లో డ్రిల్లు మేష్టారుగా చేసి రెండేళ్ల క్రితమే దిగిపోయాడు. గొంతు మాత్రం ఇంకా మైదానంలోనే ఉంది. ఆమె ఊలు ఉండ చుడుతుంటే, పెద్ద చుట్టగా ఉన్న ఊలు చిలపను రెండు చేతులకీ తగిలించుకుని, నిటారుగా నిలబడి, చేతులు చాచి పట్టుకునేవాడు. ఆమె కుట్లు లెక్కపెడుతుంటే తానూ పైకి లెక్కపెట్టేవాడు. నలభై దాటాక ఇద్దరి లెక్కా కలిసేది కాదు. మళ్లీ మొదటికొచ్చేది. ఆయన సాయం చెయ్యని రోజే పని సాగేదని ఆమె చాలాసార్లు చెప్పింది, ఆయన నమ్మలేదు.

అలా ఉండగా ఒక ఆదివారం అక్క కూతురు వచ్చింది. ఆసుపత్రి లేబొరేటరీలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. పెళ్లై రెండేళ్లయింది, ఇప్పుడు మూడో నెల. కబురు చెప్పి, పిన్ని చేతులు పట్టుకుని, ఆమె కళ్లు బీరువావైపు తిరగడం చూసి నవ్వేసింది.

“పిన్నీ, నీకు దణ్ణం పెడతాను, నువ్వేమీ మొదలుపెట్టకు. కావలసినవన్నీ కొట్లో కొనేస్తా. నువ్వు ఎత్తుకుంటే చాలు.”

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లి, గిన్నె నిండి పొర్లుతున్నా కుళాయి కట్టకుండా అలాగే నిలబడింది. ఆ పిల్ల వెటకారంగా అని ఉంటే మనసుకు ఇంత తగిలేది కాదు. ప్రేమగా అంది, అదే తగిలింది. టీ ఇచ్చేటప్పుడు ఆ మాట ఈ మాట మధ్య, బిడ్డకి దుప్పటి ఒకటి అల్లుతున్నానని, ఇప్పటికే మొదలుపెట్టానని అబద్ధం ఆడేసింది. మేష్టారు నోరు తెరవబోయి, భార్య మొహం చూసి మూసుకున్నాడు.

మర్నాడే అచ్చాఫీసు నుంచి వస్తూ లేత పసుపు ఊలు తెచ్చింది. నూట ఇరవై ఎనిమిది కుట్లు, రెండువందల ఇరవై వరసలు, ఒకదాని పక్కన ఒకటి వాలిన ఆకుల నమూనా. ఒక ఆకు ఎడమకి వాలితే పక్కది కుడికి వాలాలి. పుస్తకంలో బొమ్మ చూస్తే గాలికి ఊగుతున్నట్టు ఉంది.

మొదటిసారి తొమ్మిదో వరస దగ్గర విప్పింది. రెండోసారి పదిహేడు. మూడోసారి ముప్పైదాకా వచ్చి, కుట్లు లెక్కపెడితే నూట ఇరవై ఏడే తేలాయి. ఆ ఒక్క కుట్టు ఎక్కడ జారిందో వెతకడానికి ఒక ఆదివారం పట్టింది. దొరికింది గానీ పైకి లాగితే చుట్టుపక్కల ఆకులన్నీ ముడుచుకుపోయాయి. విప్పేసింది. నాలుగోసారి, అయిదోసారి ఎందుకు విప్పిందో ఆమెకే గుర్తులేదు. విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి, నూగు లేచి, మళ్లీ అల్లడానికి లొంగేది కాదు. దాన్ని తడిపి, కింద బరువు కట్టి, వసారాలో తీగమీద ఆరేసేది. వానాకాలం కావడంతో మూడేసి రోజులు ఆరేది కాదు. కొలువుకెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తలకి తడి ఊలు తగులుతోందని మేష్టారు ఒకటే గోల. ఆయన ఇప్పుడు కొలువుకి వెళ్లడం లేదని ఆమె గుర్తుచేసింది.

ఆరోసారి విప్పుతున్న రోజున ఆయన ఉండబట్టలేక అనేశాడు, ఈ లెక్కన ఆ బిడ్డ పుట్టి, బడికెళ్లి, దుప్పటి తనే అల్లుకుంటుందని. ఆమె చేతిలో సూది సోఫా దిండులో గుచ్చి లేచిపోయింది. రెండురోజులు ఇంట్లో మాటల్లేవు. కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది, మొహం మాత్రం గోడవైపు తిప్పుకునేది. ఆయన మీద కోపం నిజానికి అంత లేదు. కోపమంతా తన వేళ్ల మీద. పక్కింటావిడ టీవీ చూస్తూ, పిల్లల్ని అదిలిస్తూ, ఫోనులో మాట్లాడుతూ స్వెటర్లు అల్లి పడేస్తుంది. తనకి ఏమొచ్చింది? కళ్లు లేవా, తెలివి లేదా? అచ్చులో పొల్లు తేడా వస్తే మైలుదూరం నుంచి పట్టేసే తను, నూట ఇరవై ఎనిమిది వరకు లెక్కపెట్టుకోలేకపోతోందా?

ఏడోసారి మొదలుపెట్టిన పదిరోజులకి అచ్చాఫీసులో ఇంకోటి జరిగింది. జంతువుల పుస్తకంలో గాడిద బొమ్మ కింద ‘గుర్రం’ అని ఉండిపోతే, ఆమె సంతకం పెట్టి పంపేసింది. మిషను మీద కాగితం తిరగబోతుండగా మిషన్‌మేన్ చూసి ఆపాడు. అతను పెద్దగా చదువుకున్నవాడు కాదు. ఆ కాగితం తెచ్చి బల్లమీద పెట్టి, ఏమీ అనకుండా వేలితో చూపించి వెళ్లిపోయాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ ప్రూఫు చూస్తున్నంతసేపూ బల్లకింద చేతివేళ్లు ఆకుల కుట్లు లెక్కపెడుతూనే ఉన్నాయని ఆమెకు తెలుసు. ఇంటికొచ్చి, ముప్పై ఆరు వరసలు ఉన్నదాన్ని, అందులో తప్పుందో లేదో కూడా చూడకుండా విప్పి పారేసింది.

మేడమీద వాటాలో ఒక టైలరమ్మ ఉండేది. జాకెట్లు, గౌనులు కుట్టేది, అల్లిక కూడా తెలిసిన మనిషి. మెట్లమీద కూర్చుని ఊలుతో తగవులాడుతున్న పిన్నిని చూసి పక్కన చతికిలబడింది. ఎంతవరకు వచ్చిందని అడిగి, ఏడోసారి విప్పిందని తెలుసుకుని, ఊలు తన ఒళ్లోకి లాక్కుంది.

“అక్కా, మీరు పద్దెనిమిదేళ్లలో విప్పడం బాగా నేర్చుకున్నారు. అల్లడం ఇంకా మొదలుపెట్టలేదు” అంది.

పిన్నికి ఒళ్లు మండింది. తప్పు కనబడుతుంటే చూస్తూ ఎలా ఊరుకోవాలో చెప్పమని అడిగింది. చూడకుండా ఉంటే సరిపోతుందిగా అని టైలరమ్మ జవాబు. చూడకుండా ఎలా ఉండాలన్నది పిన్ని ప్రశ్న.

దానికి టైలరమ్మ చేసిన ఉపాయం ఇది. ఆ వారం పిన్ని చేత పన్నెండు వరసలు అల్లించింది. అల్లినదాన్ని చుట్టచుట్టి, ఒక పాత దిండు గలీబులో దూర్చి, సూది దగ్గర రెండు అంగుళాలు మాత్రం బయటికి వదిలి, గలీబు మూతిని పెద్దపెద్ద టాకాలతో కుట్టేసింది. నాలుగు రోజులకోసారి తనే దిగి వచ్చి, టాకాలు తెంపి, కొత్తగా అల్లినది లోపలికి తోసి మళ్లీ కుట్టేది. పిన్ని ఆ టాకాలు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తాను మళ్లీ గడప తొక్కనంది.

ఆ మూడు నెలలు ఆమెకు నరకంగా గడిచాయి. అల్లుతోంది గానీ ఏం అల్లుతోందో కనబడదు. గలీబు రోజురోజుకీ ఉబ్బుతోంది. లోపల ఎన్ని తప్పులు పడుకున్నాయో అన్న ఆలోచన వదిలేది కాదు. బస్సులో కూర్చుని గలీబును పైనుంచి తడిమిచూసేది. ఒకసారి చేతిలోకి కత్తెర తీసుకుంది కూడా. మేష్టారు పేపరు దించి, కత్తెరవంక చూసి, టైలరమ్మను పిలవమంటావా అని అడిగాడు. కత్తెర సొరుగులోకి వెళ్లిపోయింది. అలా ఎనభై, తొంభై, నూట ఇరవై వరసలు దాటాయి. విప్పకుండా జీవితంలో అంతదూరం ఎప్పుడూ రాలేదు. సంతోషం అనిపించలేదు, మెడనొప్పి మాత్రం వచ్చింది.

నూట యాభయ్యో వరసలో ఉండగా, ఒక మధ్యాహ్నం అచ్చాఫీసుకి ఫోను వచ్చింది. మూడువారాలు ముందుగానే నొప్పులొచ్చాయని, ఆసుపత్రికి తీసుకొచ్చేశారని అక్క గొంతు. సంచీ భుజాన తగిలించుకుని పరుగెత్తింది. ఆమె చేరేసరికి మేష్టారు అప్పటికే వచ్చి ఉన్నాడు, ఆడపిల్ల పుట్టేసింది. తల్లి బాగుంది, పిల్ల కాస్త తక్కువ బరువు, భయం లేదన్నారు. గదిలో ఏసీ తగ్గించడానికి ఎవరికీ చేతకావడం లేదు. నర్సు బయటికొచ్చి, బిడ్డను చుట్టడానికి మెత్తటిది, వెచ్చటిది ఏదైనా ఉంటే ఇమ్మంది. ఇంకా మూడువారాలుంది కదా అని ఎవరూ ఏమీ కొనలేదు. అల్లుడు కొట్టు వెతుక్కుంటూ పరుగెత్తాడు. అక్క చెల్లెలి సంచీవైపు చూసింది.

“అందులో ఉందా అది?”

పిన్ని గలీబు బయటికి తీసి, టాకాలు పళ్లతో తెంపింది. మూడు నెలల అల్లిక ఆమె ఒళ్లో జారి పరుచుకుంది. లేత పసుపు ఆకులు, వరసలు వరసలుగా. ఎంత బాగుందో అని అక్క అంటోంది. ఆమె చెవికి ఎక్కలేదు. కళ్లు తిన్నగా వెళ్లి ఒకే చోట ఆగాయి. నలభై ఒకటో వరసలో, ఎడమ అంచునుంచి మూడో ఆకు. ఎడమకి వాలాల్సింది కుడికి వాలింది.

చెయ్యి దానంతటదే సూది దగ్గరకి వెళ్లింది. నూటతొమ్మిది వరసలు వెనక్కి. అందరూ చూస్తుండగా, ఆసుపత్రి వరండా బెంచీ మీద, ఆమె నిజంగానే మొదటి కుట్టు సూదిమీంచి జార్చింది.

మేష్టారు పక్కనే ఉన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ అంత తగ్గించి మాట్లాడగా ఆమె వినలేదు.

“ముగించెయ్యి. పిల్లకి చలేస్తోంది.”

జారిన కుట్టు మళ్లీ ఎక్కించింది. కుట్టు మీంచి కుట్టు దాటిస్తూ ముగింపు వేయడం మొదలుపెట్టింది. ఆ స్వెటర్ తర్వాత మళ్లీ ముగింపు వేసిందే లేకపోవడంతో రెండుచోట్ల బిగుసుకుంది. నూట ఇరవై ఎనిమిది కుట్లకి అరగంట పట్టింది. చివరి కుట్టులోంచి ఊలు లాగి ముడివేసినప్పుడు ఆమె మొహంలో ఆనందం ఏమీ లేదు. ఎవరో తన చేత దొంగసంతకం పెట్టించినట్టుంది. దుప్పటి పొడుగు లేక దాదాపు చదరంగా వచ్చింది. నర్సు అందుకుని లోపలికి తీసుకెళ్లింది.

పాపను చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ దుప్పటి పట్టుకుని మెచ్చుకున్నారు. ప్రతివాళ్లకీ ఆమె ఆ మూడో ఆకు చూపించింది. ఒక్కరికీ కనబడలేదు. నర్సు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, అన్నీ ఆకుల్లాగే ఉన్నాయిగా అంది. అక్క కూతురైతే దుప్పటి మొహానికి ఆనించుకుని ఏడ్చేసింది, సగం పిన్ని మొత్తం చేసేసిందని. తప్పు కనబడి నవ్వితే భరించేది. ఎవరికీ కనబడకపోవడమే ఆమె ప్రాణం తీసింది. అంతమందిలో ఆ ఆకును తనొక్కతే మోస్తోంది.

నెలలు గడిచినా అది ఆమెను వదల్లేదు. వెళ్లినప్పుడల్లా పాపను ఎత్తుకునేది, కళ్లు మాత్రం దుప్పటి మీదే. చివరికి టైలరమ్మను అడిగి తెలుసుకుంది. పైనుంచి విప్పక్కర్లేదట, ఆ ఒక్క ఆకు దగ్గరే ఊలు కత్తిరించి, కుట్లు పట్టి, సూదితో సరిచేసుకోవచ్చట. చిన్న కత్తెర, మొండి సూది, మిగిలిపోయిన పసుపు ఊలు సంచీలో పెట్టుకుని, పాపకి నాలుగో నెల వచ్చిన ఒక శనివారం బయల్దేరింది. తల్లి పాపకి నీళ్లు పోసే అరగంటలో పని ముగించాలన్నది ఆమె పథకం.

తల్లీపిల్లా స్నానాల గదిలోకి వెళ్లగానే ఉయ్యాల దగ్గరకి వెళ్లింది. దుప్పటి లేదు. మంచం మీద వెతికింది, ఉతికిన బట్టల కుప్పలో వెతికింది. కుప్ప అడుగున చేతికి దళసరిగా ఒక పసుపు ముక్క తగిలింది. చేతిరుమాలుకి ఎక్కువ, తువ్వాలుకి తక్కువ. విప్పి చూసింది. ఆకులు లేవు, వరసలు లేవు. అంతా ఒకటై, అట్టలా గట్టిపడిపోయింది.

అక్క కూతురు పాపను తువ్వాల్లో చుట్టుకుని వచ్చి, పిన్ని చేతిలో అది చూసి నాలుక కరుచుకుంది. పాప కక్కుకుంటే హడావిడిలో మిగతా బట్టలతోపాటు మిషన్లో వేడినీళ్లలో వేసేశానని, చెప్పడానికి ధైర్యం చాలక దాచానని నసిగింది.

ఆ పిల్లని పుట్టినప్పటినుంచి ఎన్నడూ పల్లెత్తు మాట అనని పిన్ని, ఆ రోజు అరగంట ఆపకుండా తిట్టింది. ఊలు బట్టలు వేడినీళ్లలో ఎవరైనా వేస్తారా, రక్తం బొట్టు చూసి రోగం చెప్పే చదువు చదివి ఇదా తెలివి, ఎనిమిదిసార్లు మొదలుపెట్టి అల్లానే, మెడ పట్టేసి రెండు వారాలు తిప్పలేకపోయానే. పిల్ల తలవంచుకుని, పాపకి బట్టలు తొడుగుతూ, అన్నీ పడింది. తిట్టడానికి ఇంకేమీ మిగలకపోవడంతో పిన్ని కిటికీ దగ్గర కుర్చీలో కూలబడి, ఆ ముక్కను వెలుతురుకి పట్టుకుంది.

నలభై ఒకటో వరస ఎక్కడుండాలో లెక్కవేసింది. ఎడమ అంచునుంచి మూడో ఆకు. అంచు ఏదో, పై ఏదో, కింద ఏదో తెలియలేదు. తిప్పి చూసింది. గోటితో గీకింది. ఒక మూల కత్తెరతో చిన్న గాటు పెట్టి, పోగు పట్టుకుని లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. ముక్క మొత్తం వంగింది గానీ ఒక్క పోగు కూడా ఊడలేదు.

“పిన్నీ, ఆ కత్తెర ఎందుకు తెచ్చుకున్నావు?” అని అడిగింది అక్క కూతురు.

పిన్ని కత్తెర సంచీలో పడేసి, పాపను ఇటివ్వమంది. ఎత్తుకుని, ఆ అట్టముక్కను పాప వీపుకింద పెట్టుకుంటే అమరినట్టే ఉంది, మెత్తగా లేదు గానీ వెచ్చగా ఉంది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆమెకు కోపంగానే ఉంది. అంత కష్టపడి చేసిన తప్పును కూడా సరిచేసుకోనివ్వలేదని. టైలరమ్మతో చెబితే ఆవిడ మెట్లమీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. పిన్ని నవ్వలేదు.

మరుసటి ఆదివారం ఆమె కొత్తది మొదలుపెట్టింది. ఈసారి మూడు అంగుళాలు ఎక్కువ వెడల్పు, లేత ఆకుపచ్చ. గలీబు కుట్టడానికి టైలరమ్మ దిగి వస్తే వద్దని పంపేసింది. ఇప్పుడు ఇరవై రెండో వరసలో ఉంది. ఇప్పటికి రెండుసార్లు విప్పింది. రెండే సార్లని మేష్టారు వీధిలో కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాడు. ఆయన అలా చెప్పడం ఆమెకు అస్సలు నచ్చడం లేదు.